మా వీధికొచ్చిన స్విమ్మింగు పూలు

నా రాతలో తప్పులుంటే సర్దుకొని చదువుకోండి. దీర్ఘం ఉండాల్సిన చోట మరిచిపోతాను, అక్కర్లేని చోట పెడతాను. పైగా చెయ్యి నిదానం. ఇంకొకరు ఒక పూటలో రాసేది నాకు వారం పడుతుంది. పెద్దల బడిలో పలక పట్టేనాటికే నేను మనవరాలిని చంకనెత్తుకున్న దాన్ని. కాబట్టి మీరు కూడా నిదానంగానే చదవండి. తొందరేముంది? కొళాయి ఎలాగూ రాలేదు కదా!

ఇక అసలు మాటకొస్తాను.

ఎండలు మండే ఊరికి, నీళ్లు లేని స్విమ్మింగు పూలుకు మించిన వరం ఇంకొకటి లేదు!

నవ్వకండి. ఒక్క నిమిషం ఆలోచించండి. నీళ్లున్న పూలుతో ఏమి లాభం? పిల్లలు మునుగుతారు. పెద్దలకు జలుబు చేస్తుంది. చెవుల్లో నీళ్లు పోతే ఆసుపత్రి చుట్టూ తిరగాలి. మా ఆదోని పూలు చూడండి. కట్టిన నాటి నుంచి అందులో మునిగి చచ్చిన ప్రాణి ఒక్కటి లేదు. ఏ పట్నమైనా ఇంత మంచి రికార్డు చూపించగలదా? ఒక మేకపిల్ల పడి కాలు విరగ్గొట్టుకుంది, నిజమే. అది ఈత రాక కాదు, నేల గట్టిగా ఉండి.

వాడకానికి కూడా దానికి సాటి లేదు. నాలుగు పక్కలా గోడలు, అడుగున నున్నని సిమెంటు, పైన మా సూర్యభగవానుడు. మిరపకాయలు పోస్తే ఒక్క పూటలో గలగలలాడతాయి. వడియాలు పెడితే కాకి దిగదు, దానికి కూడా కాళ్లు కాలతాయి. పిల్లలు క్రికెట్ ఆడితే బంతి బయటకు పోదు. నీళ్లు నింపి ఉంటే ఇవన్నీ జరిగేవా?

పూలు చుట్టూ పార్కు కూడా ఉందండోయ్! మా ఊరి వాళ్లు ఒళ్లు వంచడం లేదని ఎవరో అన్నారట, అందుకని పార్కు వేళలు పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా పెట్టారు. సూర్యుడు నడినెత్తిన ఉన్నంతసేపు గేటు బార్లా తెరిచి ఉంటుంది. చల్లగాలి మొదలవగానే తాళం వేస్తారు. చల్లపూట తెరిస్తే జనం వచ్చి కూర్చుంటారు కదా! కూర్చుంటే పార్కు పాడవుతుంది కదా!

సిమెంటు బెంచీల మీద దాతల పేర్లు లోతుగా చెక్కించారు. మే నెల మధ్యాహ్నం ఆ బెంచీ మీద కూర్చుని లేచిన వాడి వెనకాల దాత పేరు అచ్చుపడుతుంది. ఆ పేరు ఊరంతా తిరిగొస్తుంది. దానం చేసిన పుణ్యం ఇంతకంటే చేతికి అందేలా ఎక్కడ చూస్తాం?

రేకు జారుడుబండ ఉంది. దాని మీద జొన్నరొట్టె వేస్తే పొంగుతుందని మా వీధి ఆడవాళ్లు పందెం కట్టుకున్నారు. మధ్యలో ఫౌంటెను ఉంది. సిమెంటు కొంగ మెడ పైకెత్తి, నోరు తెరుచుకొని నిలబడి ఉంటుంది. నోట్లోంచి నీళ్లు చిమ్మే కొంగ అని కట్టించిన వాళ్లు చెబుతారు. మాకైతే వానచినుకు కోసం నోరు తెరుచుకున్నట్టే కనిపిస్తుంది. మా ఊరి కొంగ మా ఊరిలాగే ఉండాలి, అది న్యాయమే.

ఎమ్మిగనూరు వాళ్లను చూస్తే నాకు జాలి. వాళ్లకు ఈ భాగ్యం లేదు. పాపం, వాళ్ల వీధుల్లో ఇంకా బావులున్నాయి.

అయితే ఈ వరం మాకు ఊరికే రాలేదు. మేమే చేతులెత్తి తెచ్చుకున్నాం. ఆ సంగతి చెప్పకపోతే మీరు ఘనతంతా వినోద సంఘానికే ఇచ్చేస్తారు. పట్టణ వినోద వికాస సంఘమని మా ఊళ్లో ఒకటుంది. పత్తి మిల్లుల వాళ్లూ దళారులూ కలిసి పెట్టుకున్నది. దాని ప్రెసిడెంటు దేవేంద్రప్ప. పూలు ఆయన తెచ్చాడు. కానీ అడిగి తెచ్చుకున్నది మేము. ముఖ్యంగా లాలాబీ.

లాలాబీ పూలమ్మే మనిషి. మా ఇంటికి మూడో ఇల్లు. వీధి వెనకాల ఒక మెట్ల బావి ఉండేది. ఆ బావి గట్టు మీద ఆమె మల్లెపొదలు. ఎవరి స్థలమో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. ఆమె అత్త పెట్టిన పొదలవి. మొగుడు గులాం మొహిద్దీన్‌కు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. ఆయన మంచం మీదే కూర్చుని, నారను పళ్లతో పట్టుకొని, ఉన్న ఒక్క చేత్తో పూలు కట్టేవాడు. దండ కట్టే ఆ ఒక్క చెయ్యి ఆడినంతకాలం ఆయన నవ్వుతూనే ఉండేవాడు. ఆ రెండు ప్రాణాలూ ఆ పొదలను పట్టుకొని బతికాయి. పొదలు ఆ బావిని పట్టుకొని బతికాయి.

బావి మాకు కూడా ఊపిరే. మగవాళ్లు మిల్లు షిఫ్టుకు పోయాక మధ్యాహ్నం అది ఆడవాళ్లది. నడుముకు బెండు కట్టుకొని మా ఆడపిల్లలందరూ ఈత నేర్చింది అందులోనే. లాలాబీ పైమెట్టు నుంచి దూకితే అడుగున ఉన్న చెంబు తీసుకొని పైకి తేలేది. బట్టలు ఉతికేవాళ్లం, ఈదేవాళ్లం, మెట్ల మీద కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటూ ఊళ్లో వాళ్లందరినీ ఆడిపోసుకునేవాళ్లం. దానికి గేటు లేదు. దాత పేరు లేదు. అందుకే దాన్ని ఎవరూ వినోదం అనలేదు.

ఒకరోజు దేవేంద్రప్ప మైకు పెట్టించి మా వీధిలో మీటింగు జరిపాడు. నోటినిండా వక్కాకు.

"అమ్మల్లారా, అక్కల్లారా! మీ వీధికి స్విమ్మింగ్ పూల్ వస్తాండాది!"

లాలాబీ నా కొంగు లాగింది. "సారక్కా, ఏం పూలంట?"

మీరే చెప్పండి. లాలాబీ వాళ్లు ఇంట్లో మాట్లాడే మాటలో ఫూల్ అంటే పువ్వు. మా తెలుగులో పూలంటే పూలే. రెండు భాషలు ఒక్కటే చెబుతుంటే ఇంకా అనుమానం దేనికి? మిగిలింది ఆ ముందు మాట ఒక్కటే. దాన్ని హులిగెమ్మ విప్పింది. ఆమె హొళగుంద నుంచి కోడలుగా వచ్చిన మనిషి, కన్నడం తెలుగు రెండూ ఒకే నాలుక మీద తిప్పుతుంది.

"సంపిగె అంటాండాడు కణక్కా. మా పక్క సంపిగె, మీ పక్క సంపంగి. ఆయప్ప నోట్లో ఆకుంది కదా, నోరు తిరగక స్విమ్మింగి అంటాండాడు."

సంపంగి పూలు! మా వీధికి సంపంగి తోట! వెనక వరస దాకా ఆ మాట పాకిపోయింది. లాలాబీ మొహం చూడాలి మీరు. మల్లెలు వేసవికే. సంపంగులు కూడా చేతికొస్తే ఏడాదంతా గంప నిండుతుంది.

ఆమె లేచి నిలబడి అడిగింది. "అప్పా, పూలు ఆడోళ్లకు కూడా ఇస్తారా?"

"పూల్ అందరిదమ్మా. ఆడోళ్లది, మగోళ్లది!"

"మగోళ్లు పూలేం జేసుకుంటారప్పా?"

ఆడవాళ్లందరూ ఘొల్లున నవ్వారు. దేవేంద్రప్ప కూడా నవ్వాడు. మేము సిగ్గుపడి నవ్వుతున్నామని ఆయన అనుకున్నాడు. ఆయన ఎందుకు నవ్వుతున్నాడో మాకు తెలియలేదు.

"మరి నీళ్లో?" అని మళ్లీ అడిగింది లాలాబీ. "నీళ్లు లేకుంటే యాడ నిలబడ్తాయప్పా?"

"నీళ్లా! నీ బావిలో ఉండేదానికి పదింతలు నింపుతాం చూడు. బావి మాత్రం మూసెయ్యల్ల తల్లీ. పాత బావి, దోమలు జాస్తి. గట్టు కూడా మాకు కావల్ల."

"పదింతల నీళ్లొస్తే బావెందుకులే అప్పా. కానియ్యండి!"

అందరికంటే ముందు ఆమె చెయ్యి లేచింది. తర్వాత నాది. తర్వాత వీధి మొత్తం. పక్కనే నిలబడి చూస్తున్న పత్రికాయన, ప్రజలు ఉత్సాహంగా ఆమోదించారని రాసుకున్నాడు. అబద్ధం కాదు. మేము చాలా ఉత్సాహంగానే ఉన్నాం.

కొండరాళ్లు లారీల్లో వచ్చాయి. బావిలో ఒక్కో లారీ దించుతుంటే మా ఇళ్లలో గిన్నెలు అదిరాయి. మల్లెపొదలు పీకి పారేశారు. లాలాబీ ఏడవలేదు. కొత్త తోటకు చోటు చేస్తున్నారని పానకం కలిపి తెచ్చి, తన బావి పూడ్చే కూలీలందరికీ గ్లాసుల్లో పోసి ఇచ్చింది. అయితే చెయ్యి ఊరుకోక, పీకేసిన వాటిలో కొన్ని కొమ్మలు ఏరి పగిలిన కుండల్లో గుచ్చుకుంది.

గుంత తవ్వడం మొదలైంది. మనిషి మునిగేంత లోతుకు పోయింది. మంచం మీద నుంచి గులాం మొహిద్దీన్ సమాధానం చెప్పాడు. "సంపంగి పెద్ద మాను లాలా. వేరు లోతుకు పోవల్ల గదా." తర్వాత గుంత అడుగున సిమెంటు పోశారు. ఆ సంగతి కూడా ఆయనకు చెప్పాం. దానికీ ఒక సమాధానం చెప్పాడు. "సిమెంట్ల మొలిసే సంపంగి. కొత్త రకం, బెంగుళూరుదేమో."

కొత్తగా వచ్చిన వాచ్‌మన్ ఈరన్నే మాకు గుట్టు విప్పింది. లాలాబీ పోయి, "అన్నా, చెట్లెప్పుడు పెడ్తారు?" అని అడిగితే అతను అయోమయంగా చూశాడు. తర్వాత రెండు చేతులూ చాచి, కప్పలాగా గాలిలో ఊపి చూపించాడు.

"చెట్లేంది తల్లీ! ఇది ఈత కొట్టేది!"

లాలాబీ అతని చేతుల వైపు చూసింది. పక్కనున్న రాళ్లకుప్ప వైపు చూసింది.

"ఈతకు బావుండె గదన్నా?" అంది.

ఈరన్న చాచిన చేతులు కిందికి దించేశాడు.

ఓపెనింగు బ్రహ్మాండంగా జరిగింది. నీళ్లు రాలేదు. పైపులున్నాయి, పైపుల్లో రావడానికి ఊళ్లో నీళ్లు లేవు. అంత చిన్న సంగతికి ఓపెనింగు ఆపుతారా? లోపలంతా నీలం రంగు పూశారు. పేపర్లో ఫొటో నలుపూ తెలుపే కదా! నీళ్లకూ రంగుకూ తేడా ఎవడికి తెలుస్తుంది? ఫొటోలో మా పూలు కడుపునిండా నీళ్లతో కళకళలాడింది. కర్నూలు నుంచి మా బంధువులు మెచ్చుకుంటూ జాబు రాశారు.

అప్పటి నుంచి దాని వరాలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. పైన చెప్పానే మిరపకాయలు, వడియాలు, అవన్నీ చిన్న వరాలు. పెద్దది చెబుతాను.

మా ఊరి గాలి ఖాళీ చేతులతో రాదు. నల్లమట్టి దుమ్ము, మిల్లుల నుంచి దూది నూగు తెస్తుంది. రెండు వేసవులు గడిచేసరికి పూలు లోతు పక్కన మట్టి మేట వేసింది. ఒకరోజు లాలాబీ కుండల్లో బతికించుకున్న మల్లె అంట్లు తట్టలో పెట్టుకొని వచ్చింది. కాపలా కాయడానికి ఏమీ లేని ఈరన్న అటు తిరిగి నిలబడ్డాడు.

నీళ్లు ఎక్కడివంటారా? మా వీధి ఆడవాళ్లం బియ్యం కడిగిన నీళ్లు పారబోయడం మానేశాం. గిన్నెలు తొలిచిన నీళ్లు, పసిపిల్లలకు పోసిన నీళ్లు, ఎవరి చేతిలో ఏది మిగిలితే అది డబ్బాల్లో పట్టుకొని పూలు మెట్లు దిగాం. "దినామూ ఈతకు పోతాండారేమమ్మా!" అని వీధి మగవాళ్లు ఎగతాళి చేశారు. చేయనీయండి. గోడల చాటున వేడిగాలి తగలక పొదలు ఏపుగా లేచాయి. మూడో వేసవి మొదట్లో మొగ్గ తొడిగాయి.

గులాం మొహిద్దీన్ మళ్లీ నార పళ్ల మధ్య పెట్టాడు. బావి పోయినప్పటి నుంచి ఆ చెయ్యి ఒళ్లో చచ్చు చేతి పక్కనే పడి ఉండేది. మొదటి దండ కట్టి పెళ్లాం చేతికిచ్చి అన్నాడు. "దేవేంద్రప్ప మాట తప్పే మనిషి గాదు లాలా. పూలన్నాడు, పూసినాయి."

నీళ్లు లేని పూలు ఇంత మేలు చేసింది చూశారా? ఇక దానికి కావలసిందల్లా ఒక్కటే. ఎవరూ దాన్ని బాగుచేయకుండా ఉండటం!

కానీ హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. ఎండ ప్రాంతాల్లో ప్రజల వినోద సౌకర్యాలు ఎలా వాడుకలో ఉన్నాయో చూడటానికి ఆయన ఊరూరా తిరుగుతున్నాడట. వినోద సంఘానికి ముచ్చెమటలు పట్టాయి. ఈసారి రంగుతో పని జరగదు. ఆఫీసరుకు కళ్లున్నాయి.

తెల్లారేసరికి వరసగా ట్యాంకర్లు నిలబడ్డాయి. అప్పటికి మా కొళాయి రాక వారం దాటింది. ట్యాంకర్లను చూసి వీధి మొత్తం బిందెలతో పరిగెత్తింది. ఈరన్న చేతులు అడ్డం పెట్టాడు.

"ఇవి తాగే నీళ్లు గాదమ్మా. ఈదే నీళ్లు."

"రెండూ ఒక బావి నీళ్లే గదప్పా!" అని హులిగెమ్మ అరిచింది. "మా నోట్లో పోసుకుంటే తాగేవి అయితాయి, ఇడువు!"

విడువలేదు. పాపం, అతని ఉద్యోగం అది.

లాలాబీ బిందె తేలేదు. నేరుగా దేవేంద్రప్ప దగ్గరికి పోయింది.

"ఒక్క పూట ఆగప్పా. యేర్లతో తవ్వుకొని యెల్లిపోతా."

"ఆఫీసరు గుంతకల్లు దాటినాడంట తల్లీ. వచ్చేలోపల నిండల్ల."

"నీళ్లు నిండితే నా చెట్లు సస్తాయప్పా."

"నీళ్లు పోస్తే సచ్చే చెట్లు యాడన్నా ఉండాయా? ఆ పొద్దు నువ్వే గదమ్మా, నీళ్లు లేకుంటే యాడ నిలబడ్తాయి అంటివి! ఇప్పుడు పోస్తాండాం. తీసుకో!"

పైపు విప్పారు.

మీరెప్పుడైనా మల్లెపొద మునగడం చూశారా? మొదట కాండం పోతుంది. తర్వాత ఆకులు వెల్లకిలా తిరుగుతాయి. కొమ్మలు చివరిదాకా పైకి చూస్తూనే ఉంటాయి. పూసిన పువ్వులు మాత్రం ఊడి, బుడగలతో పాటు పైకి లేస్తాయి. లాలాబీ గట్టు మీద కూర్చుని చూసింది.  

ఆఫీసరు వచ్చాడు. నల్ల కళ్లద్దాలు, తెల్ల చొక్కా. నల్లమట్టి కరిగి నీళ్లు కాఫీ డికాషనులాగా ఉన్నాయి. "రంగేమిటి ఇలా ఉంది?" అని అడిగాడు.

"మందు కలిపినాం సార్. పురుగు రాకుండా," అన్నాడు దేవేంద్రప్ప.

"పూలు కూడా చల్లారే! చాలా బాగుంది. ఎక్కడా ఇలాంటి డెకరేషను చూడలేదు."

"మా ఊరి పద్ధతి సార్."

అప్పుడే దేవేంద్రప్పకు దండ సంగతి గుర్తొచ్చింది. ఇన్ని తెచ్చి, ఆఫీసరు మెడలోకి దండ మరిచిపోయారు! ఆయన ఇటు తిరిగి గొంతు తగ్గించి అన్నాడు. "లాలాబీ, బిరీన ఒక దండ తే తల్లీ. మంచి మల్లెపూలది."

లాలాబీ లేచింది. కొంగు నడుముకు బిగించింది. తేబోతోందనుకొని ఆయన దారి ఇచ్చాడు. ఆమె ఆయన పక్కగా నడిచి, లోతు పక్క గట్టు దాకా పోయి, అందరూ చూస్తుండగా నీళ్లలోకి దూకింది.

"అయ్యో, అయ్యో!" అన్నారు కొందరు. మా వీధి ఆడవాళ్లం అనలేదు. ఆమె ఊపిరి ఎంతసేపు పడుతుందో మాకు తెలుసు.

పైకి తేలేసరికి ఆమె రెండు చేతుల్లో ఒక పొద ఉంది. వేళ్లకు ఇంకా మట్టి పట్టుకొని ఉంది. గట్టుకు తెచ్చి నా ఒళ్లో పడేసింది. "యేరు ఎండనీకక్కా," అని మళ్లీ మునిగింది. ఇంకొకటి తెచ్చింది. అది హులిగెమ్మ అందుకుంది. మళ్లీ మునిగింది. కొన్ని వేళ్లతో వచ్చాయి. కొన్ని విరిగి వచ్చాయి. కొన్నిటి కోసం మునిగి ఖాళీ చేతులతో తేలింది. కళ్లు ఎర్రగా మండిపోతున్నాయి. "చాల్లే లాలాబీ, ఇంక రా," అని నేను బతిమాలుతున్నా వినలేదు.

ఆఫీసరు చప్పట్లు కొట్టాడు! "ఈ వయసులో ఏమి ఈత! మహిళలు కూడా ఇంత ఉత్సాహంగా వాడుకుంటున్నారంటే ఈ సౌకర్యం సార్థకమైనట్టే!" వెంట వచ్చిన ఫొటో అతను టకటకా ఫొటోలు తీశాడు.

ఆ వారం పేపరు నేనే ఆమె ఇంటికి తీసుకుపోయి, కూడబలుక్కుంటూ చదివి వినిపించాను. ఫొటో కింద ఇలా ఉంది. "ఆదోని ఈతకొలనులో ఆనందంగా జలక్రీడలాడుతున్న ఒక గృహిణి."

గులాం మొహిద్దీన్ ఆ ఫొటోను ఒక్క చేత్తో పట్టుకొని దగ్గరగా చూశాడు. "ఆనందంగా ఉండావంట లాలా," అన్నాడు. "నాకొక మాట చెప్పకపోతివి."

ఆమె నవ్వింది. తర్వాత మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆఫీసరు వెళ్లిన మర్నాడే వినోద సంఘం పూలు గేటుకు బోర్డు కొట్టింది. స్త్రీలకు ప్రవేశం లేదు అని. చీరకట్టుతో నీళ్లలోకి దిగడం సభ్యత కాదట. మగవాళ్లు దిగుతారా అంటే నీళ్లు కావాలి కదా! సిమెంటు ఎండకు బీటలిచ్చి ఉంది. పది రోజుల్లో పూలు మళ్లీ బోసిపోయింది. ఇప్పుడది అన్ని విధాలా క్షేమంగా ఉంది. నీళ్లు లేవు, ఆడవాళ్లు లేరు, పూలు లేవు. ఇంతకంటే శుభ్రమైన వినోదం ఎక్కడుంది?

వెటకారం చాలు. నా చెయ్యి కూడా నొప్పి పుడుతోంది. ఇకపై మామూలు మాటలు చెబుతాను.

ఆ బీటల్లోంచి పోయిన నీళ్లు ఎక్కడికి పోయాయో మాకు తెలుసు. పక్కనే పూడ్చిన బావి ఉంది. దాని మీది కొండరాళ్ల సందుల్లో, ఊరంతా మాడిపోయిన ఆ మే నెలలో, పచ్చగా గడ్డి లేచింది. నీళ్లు లోపలికి దిగుతున్నాయంటే బావి గొంతు ఇంకా మూసుకుపోలేదు. లాలాబీ తను కాపాడిన పొదలు, బతికినవి నాలుగే, ఆ రాళ్ల అంచున నాటింది. ఎవరూ నీళ్లు పోయకుండానే అవి చిగురు వేశాయి.

ఇప్పుడు ఆ రాళ్లకుప్ప మీద సిమెంటు పోసి బ్యాండు వాయించే అరుగు కడతారట. దీపావళి లోపల పని మొదలవుతుందట. అందుకే ఈ రాత ఇప్పుడు రాస్తున్నాను.

సంఘం వాళ్లారా, మాకు బ్యాండు వద్దు. పూలు మీరే ఉంచుకోండి, రంగు వేసుకోండి, ఫొటోలు తీసుకోండి. ఆ రాళ్లు మాత్రం తీసేయండి. మీరు తీయకపోయినా ఫర్వాలేదు. మేము తీస్తుంటే అడ్డం రాకండి, అంతే.

ఇంకొక మాట కూడా రాసేస్తాను, సంఘం వాళ్లకు ఇలాంటివి చదివే తీరిక ఎలాగూ ఉండదు. మేము మొదలుపెట్టేశాం. బోర్డు పూలు గేటుకే కదా, పార్కులోకి పోయిన ఆడది ఉత్త చేతులతో బయటకు రావడం లేదు. ఒకామె పొయ్యికి రాయి కావాలంటుంది. ఒకామె బట్టలు ఉతికేందుకంటుంది. పెద్దవాటిని ఇద్దరు ముగ్గురు కలిసి దొర్లిస్తారు. ఈరన్న అటు తిరిగి నిలబడతాడు. అతని పెళ్లాం కూడా ఒకటి మోసింది మరి! నేను ఎమ్మిగనూరుకు మారిపోయినా, ఆదివారం చర్చి అయిపోగానే బస్సెక్కి ఆదోని పోతాను. తిరిగొచ్చేటప్పుడు సంచిలో ఒక రాయి ఉంటుంది. కండక్టరు ఎత్తి చూసి, "ఏమవ్వా, ఆదోనిలో రాళ్లు అగ్గువనా?" అంటాడు.

పోయిన ఆదివారం ఇద్దరం కలిసి ఒక పెద్ద రాయి కదిలించాం. దాని కింద సందు కనిపించింది. లాలాబీ ముందు చెయ్యి పెట్టి, తీసి, నన్ను పెట్టమంది. భుజం దాకా పెట్టాను.

లోపల చల్లగా ఉంది.

సారమ్మ,
వయసు అరవై మూడు.
ఇప్పుడు ఉండేది ఎమ్మిగనూరులో, నేతగాళ్ల వీధి, మా చిన్న కూతురి ఇంట్లో.